ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను ఇంటికి తేవద్దు

సంపాదకులకు,

కుక్కకాట్ల వార్తలు మీ పత్రికలో తరచూ వస్తున్నాయి. రావాల్సిందే. 2023 మేలో కాజీపేటలో వీధికుక్కల దాడికి ఒక పిల్లవాడు బలైన సంగతిని ఈ ఊరు మరిచిపోకూడదు. కానీ ఆ వార్తలకు ఆనుకుని ఉన్న ఇంకో విషయం గురించి ఎవరూ రాయడం లేదు. వీధిలో పుట్టిన పిల్లనో, ఎవరో కొని పెంచలేక వదిలేసిన క్రాస్ కుక్కనో తెచ్చుకుని సాదుకునే కుటుంబాలు వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో చాలానే ఉన్నాయి. వాళ్ల మనసు మంచిది. అయినా తెచ్చిన పిల్లల్లో కొన్ని పదిహేను రోజులు తిరగకముందే చనిపోతున్నాయి. బతికినవాటిలో కొన్ని ఏడాదికల్లా మళ్లీ వీధిన పడుతున్నాయి, అదీ పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాకుండా. అలా వీధిన పడిన ఆడకుక్క ఈతకు నాలుగు నుంచి ఎనిమిది పిల్లలను పెడుతుంది. అందుకే దత్తత ఎట్లా తీసుకోవాలో తెలియడం ఆ ఇంటికే కాదు, ఆ గల్లీకీ అవసరం.

ముందు కాలం లెక్క చూద్దాం. చిత్త కార్తెలో కుక్కలు ఎదకు వస్తాయని మన పల్లెల్లో అందరికీ తెలుసు. ఆ కార్తె అక్టోబరు రెండో వారం నుంచి నాలుగో వారం దాకా ఉంటుంది. కుక్క చూలు సుమారు 63 రోజులు. అంటే మన వీధుల్లో పిల్లలు ఎక్కువగా డిసెంబరు మధ్యలో పుడతాయి, ఎనిమిది వారాలు నిండేసరికి ఫిబ్రవరి రెండో వారం దాటుతుంది. కానీ జనం వాటిని ఎత్తుకెళ్లేది జనవరిలోనే. బొద్దుగా, ముద్దుగా కనిపించేది అప్పుడే మరి. నాలుగు, ఐదు వారాల పిల్లను తల్లి నుంచి విడదీస్తే రెండు నష్టాలు. పాలతో అందే రక్షణ ముందే తెగిపోతుంది. రెండోది పెద్దయ్యాక బయటపడుతుంది. తోబుట్టువులతో కొట్లాడుకుంటూ ఆడే ఆ మూడు నాలుగు వారాల్లోనే ఎంత గట్టిగా కరిస్తే ఎదుటిది కుయ్యిమని ఆట ఆపేస్తుందో పిల్ల నేర్చుకుంటుంది. ఆ పాఠం దొరకని కుక్క ఇంట్లో పిల్లల చేతులను ఆటలోనే రక్తం వచ్చేలా కొరుకుతుంది.

'రెండు నెలలు నిండినయ్' అని ఇచ్చేవాళ్లు చెప్పే మాటను నమ్మాల్సిన పని లేదు, నోరు తెరిచి చూస్తే తెలుస్తుంది. పాలపళ్లు మూడో వారంలో మొలవడం మొదలై, ఎనిమిదో వారానికల్లా మొత్తం 28 వస్తాయి. వెనక దవడ పళ్లు ఇంకా సగమే వచ్చి ఉంటే పిల్లను తల్లి దగ్గరే ఉంచి, అక్కడే తల్లికి తిండి పెట్టండి. ముందుపళ్లు ఊడి వెడల్పాటి కొత్త పళ్లు వస్తుంటే దానికి నాలుగు నెలలు. క్రాస్ పిల్ల ఎంత పెద్దదవుతుందో చెప్పడానికీ ఆ నాలుగో నెలే పనికొస్తుంది. మధ్యరకం కుక్కలు అప్పుడు ఎంత తూగితే పెద్దయ్యాక సుమారు దానికి రెండింతలు తూగుతాయి. నాటు కుక్కలు చాలావరకు 15 నుంచి 25 కిలోల మధ్య ఆగుతాయి. తండ్రి ల్యాబ్రడారో షెపర్డో అయితే అంతకు మించవచ్చు. రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లు ఈ లెక్క ముందే చూసుకోవాలి.

ఎక్కువ కుక్కపిల్లలను చంపేది పార్వో అనే వైరస్ జబ్బు. సోకిన తర్వాత మూడు నుంచి ఏడు రోజుల దాకా, ఒక్కోసారి రెండు వారాల దాకా, పైకి ఏమీ కనబడదు. అందుకే తెచ్చిననాడు గెంతులేసిన పిల్ల నాలుగో రోజు తిండి మానేస్తుంది, వాంతులు చేసుకుంటుంది, ఆ వెంటనే దుర్వాసనతో నెత్తురు విరేచనాలు. 'తిండి మారింది, పడలేదు' అని ఒక పూట ఆగితే పిల్ల దక్కదు. వాంతులు అవుతున్నప్పుడు నోట్లో పోసిన ఓఆర్‌ఎస్ నిలవదు, నరానికి సెలైన్ ఎక్కాల్సిందే. వాంతి, నీరసం రెండూ కనిపించిన గంటల్లోనే పశువైద్యుడి దగ్గర ఉండాలి.

దీనికి టీకా ఉంది. పార్వో, డిస్టెంపర్, కాలేయ వాపు, లెప్టో వంటి జబ్బులకు కలిపి ఇచ్చే టీకాను ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారో వారం నిండేదాకా వేయాలి. ఒక్కటి వేయించి ఊరుకునేవాళ్లే ఎక్కువ. అది ఎందుకు చాలదంటే, తల్లి నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఇంకా మిగిలి ఉంటే అది టీకాను పనిచేయనివ్వదు. ఆ రక్షణ ఏ పిల్లలో ఏ వారం తగ్గిపోతుందో బయటి నుంచి చెప్పలేం. మళ్లీ మళ్లీ వేసేది ఆ ఖాళీ దొరకబుచ్చుకోవడానికే. చివరి డోసు అయిన రెండు వారాల దాకా పిల్లను వీధిలో, పార్కులో నేల మీద నడిపించొద్దు. కావాలంటే చంకన ఎత్తుకుని బజారు చూపించండి. మూడు నుంచి పద్నాలుగు వారాల మధ్య చూసిన మనుషులకు, బండ్లకు, చప్పుళ్లకు కుక్క జీవితాంతం బెదరదు కాబట్టి పూర్తిగా తలుపేసి ఉంచడమూ మంచిది కాదు.

టీకా విఫలమయ్యే ఇంకో దారి ఉంది. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మెడికల్ షాపులో కొని మార్చి ఎండలో చొక్కా జేబులో పెట్టుకుని దవాఖానకు తెచ్చిన టీకా వేయించినా వేయించనట్టే. ఐసు వేసిన ఫ్లాస్కులో తేవాలి, లేదా వైద్యుడి ఫ్రిజ్‌లో ఉన్నదే వేయించాలి. సీసా మీది స్టిక్కర్‌ను, అంటే బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న ముక్కను, కార్డులో అంటించమని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

టీకాకు ముందు నట్టల మందు. ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే పిల్లకు చేరతాయి, కాబట్టి వీధిపిల్లకు నట్టలు ఉన్నాయనే అనుకోవాలి. రెండో వారం నుంచి ఎనిమిదో వారం దాకా రెండు వారాలకోసారి, ఆ తర్వాత ఆరు నెలల వయసు దాకా నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి తాపాలి. తూకం వేయకుండా మందు వేయొద్దు. కిరాణా దుకాణం కాంటా అయినా చాలు. నట్టలున్న పిల్ల పొట్ట ఉబ్బి బొద్దుగా కనిపిస్తుంది గానీ వీపు మీద చెయ్యి పెడితే వెన్నుపూసలు గుచ్చుకుంటాయి. వాటి గుడ్లు మట్టి ద్వారా ఇంట్లో చిన్నపిల్లలకూ చేరతాయి.

తెచ్చిన మొదటి పద్నాలుగు రోజులు పిల్లను ఒక అర్రలోనో, బాల్కనీలో ఒక మూలనో విడిగా ఉంచాలి. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే గిన్నెలు, గుడ్డలు కూడా వేరుగా. పార్వో క్రిమి నేలలో నెలల తరబడి, అనుకూలిస్తే ఏడాది దాకా బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కు చావదు. దాన్ని చంపేది క్లోరిన్. మున్సిపాలిటీ వాళ్లు చల్లే బ్లీచింగ్ పౌడరే, గాలి తగలకుండా దాచిన తాజాది, లీటరు నీళ్లకు ఒక టీస్పూను కలిపి తేటనీరు వాడండి. ముందు మలం, మురికి కడిగేసి, తర్వాత ఈ నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి కడగాలి. మురికి మీదే పోస్తే క్లోరిన్ అంతా అక్కడే ఖర్చయిపోతుంది. బాత్రూం కడిగే యాసిడ్‌తో దీన్ని ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది. ఇంట్లో ఒక పిల్ల పార్వోతో పోయి ఉంటే ఏడాది దాకా టీకాలు పూర్తికాని పిల్లను ఆ ఇంటికి తేకండి. అంతగా కావాలనుకుంటే టీకాలు పూర్తయిన పెద్ద కుక్కను తెచ్చుకోండి.

ఇక రేబిస్. ఇది చదివేవాళ్లు మిగతా అంతా మరిచిపోయినా ఈ పేరా గుర్తుంచుకుంటే చాలు. కుక్కపిల్లలకూ రేబిస్ వస్తుంది. రేబిస్ టీకా వేసేది మూడు నెలలు నిండాక, అంతదాకా పిల్లకు రక్షణ లేదు. తల్లినో తోబుట్టువునో పిచ్చికుక్క కరిచిందేమో మనకు తెలియదు, రోగం బయటపడటానికి వారాలు, నెలలు పట్టవచ్చు. 'చిన్నపిల్లే కదా, పంటి గాటే కదా' అనుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. పన్ను దిగినా, గోటితో గీరినా, పుండు మీద నాకినా నల్లా కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, పసుపు, సున్నం, కాఫీపొడి ఏవీ పూయొద్దు, కట్టు కట్టొద్దు. అదే రోజు సర్కారు దవాఖానకు వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే టీకా ఆ రోజు, తర్వాత 3, 7, 28 రోజుల్లో వేస్తారు. నెత్తురు వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇచ్చే, అప్పటికప్పుడు రక్షణనిచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా కావాలి, అది అడిగి వేయించుకోండి. కుక్కను పది రోజులు గమనించమని చెప్పేది నిజమే. కానీ ఆ పది రోజులు ఆగి టీకా మొదలుపెట్టమని దాని అర్థం కాదు, టీకా మొదలుపెట్టి గమనించాలి.

తిండి విషయంలో మన ఇళ్లలో జరిగే పొరపాటు పాలు, అన్నం. ఆవుపాలు చాలా పిల్లలకు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఉత్త అన్నంతో పెరిగిన పిల్లకు కండ పట్టదు. మూడు కిలోల పిల్లకు రోజు మొత్తానికి వండిన అన్నం 150 గ్రాములు, ఎముకలు తీసిన ఉడికిన కోడికూర ముక్కలు 100 గ్రాములు, ఒక గుడ్డు సరిపోతాయి. మూడు నెలల దాకా దీన్ని నాలుగు పూటలుగా, ఆరు నెలల దాకా మూడు పూటలుగా, ఆపైన రెండు పూటలుగా పెట్టాలి. వారం వారం తూచి, బరువు పెరిగే కొద్దీ పెంచాలి. 15 కిలోల పెద్ద కుక్కకు, ఆపరేషన్ అయినదానికి, అన్నం 300 గ్రాములు, మాంసం 200 గ్రాములు, గుడ్డు ఒకటి, ఉడికిన గుమ్మడికాయో క్యారెటో ఒక గుప్పెడు చాలు. ఉప్పు కారం లేకుండా. మాంసంలో, అన్నంలో కాల్షియం తక్కువ. అది అందకనే పిల్లలకు ముందుకాళ్లు వంకరపోతాయి. గుడ్డు పెంకులు మరిగించి, ఆరబెట్టి, మెత్తగా దంచిన పొడి రోజుకు అర టీస్పూను కలిపితే సుమారు ఒక గ్రాము కాల్షియం అందుతుంది. చికెన్ సెంటర్లలో దొరికే కాళ్లు, తోలు, కందనకాయలు చవకైన మంచి తిండే, ఉడకబెట్టి పెట్టండి. కార్జం మాత్రం వారానికి ఒకటి రెండుసార్లకు మించొద్దు. ఉడికిన ఎముకలు అసలే వద్దు. అవి చీలికలై పేగుల్లో గుచ్చుకుంటాయి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకు విషం. జ్వరం వచ్చిందని మన బిళ్ల వేయడం అంతకంటే ప్రమాదం. మూడు కిలోల పిల్లకు 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఒక్కటి వేస్తే కిలోకు 160 మిల్లీగ్రాములు దాటుతుంది, దాని కాలేయం చెడడానికి అది చాలు. అన్నట్టు కుక్క ఒళ్లు మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దానికి మామూలే.

ఫిబ్రవరిలో తెచ్చిన పిల్లకు టీకాలు పూర్తయ్యేసరికి ఏప్రిల్ మధ్య వస్తుంది, మన ఎండలు ముదిరేదీ అప్పుడే. రేకుల షెడ్డు కింద గొలుసుతో కట్టేసిన కుక్క మధ్యాహ్నం దాకా బతికి ఉంటే అదృష్టమే. నీడ, గాలి, రెండు చోట్ల నీళ్లు ఉండాలి. నడక ఉదయం ఏడింటి లోపు, సాయంత్రం చీకటి పడ్డాక. రోడ్డు మీద మన అరచేతి వెనుకవైపు ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదాలు కాలతాయి. నాలుక ముదురు ఎరుపెక్కి, తూలుతూ, విపరీతంగా రొప్పుతుంటే వడదెబ్బ. ఒళ్లంతా నల్లా నీళ్లతో తడిపి ఫ్యాను కింద పెట్టి దవాఖానకు తీసుకెళ్లండి. ఐసుగడ్డల్లో ముంచితే చర్మంలోని నెత్తుటి నాళాలు ముడుచుకుపోయి లోపలి వేడి బయటికి రాదు. ముక్కు చప్పిడిగా ఉన్న పగ్ క్రాసులకూ, ఒత్తుబొచ్చు హస్కీ క్రాసులకూ ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

గోమార్ల (పిడుదుల) గురించి ఒక మాట. అవి ఎక్కువ కాలం కుక్క మీద ఉండవు, గోడల పగుళ్లలో, బండల సందుల్లో, తలుపు చట్రాల వెనక దాక్కుంటాయి. కుక్కకు మందు రాసి గోడను వదిలేస్తే పదిరోజుల్లో మళ్లీ వస్తాయి. పగుళ్లు సిమెంటుతో పూడ్చాలి, గుడ్డలు వేడినీళ్లలో ఉతకాలి. పశువులకు వాడే మందును కొలత లేకుండా పిల్ల మీద పోయొద్దు. చిగుళ్లు పాలిపోయి, జ్వరం తగలడం, ముక్కునుంచి నెత్తురు కారడం గోమార్లతో వచ్చే జ్వరానికి గుర్తులు. రక్తపరీక్ష చేయించి మందు మొదలుపెడితే చాలా కుక్కలు కోలుకుంటాయి.

అందరూ కుక్కపిల్లల్నే కోరుకుంటారు గానీ, ముసలివాళ్లు మాత్రమే ఉండే ఇంటికీ, పొద్దంతా పనికి పోయేవాళ్ల ఇంటికీ రెండు మూడేళ్ల కుక్కే మేలని మా గట్టి అభిప్రాయం. దాని గుణం గల్లీలో అందరికీ తెలిసే ఉంటుంది, సైజు మారదు. చెవి కొసన కత్తిరింపు ఉంటే ఆపరేషన్ అయిందని గుర్తు. తెచ్చేముందు వెనకభాగం చూడండి. జననాంగం దగ్గర గడ్డ ఉండి నెత్తురు చుక్కలు పడుతుంటే అది కలయికతో ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే కణితి. ఆడకుక్కల్లో దాన్ని ఎద అనుకుని వదిలేస్తారు. ఎద నెత్తురు మూడు వారాల్లో ఆగుతుంది, ఇది ఆగదు. వారానికో ఇంజెక్షన్ చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు వేయిస్తే ఎక్కువ కేసుల్లో పూర్తిగా నయమవుతుంది, కాబట్టి ఆ కారణంతో కుక్కను వద్దనకండి. పెద్ద కుక్కలు పారిపోయేది మొదటి రెండు వారాల్లోనే. భయపడి వెనక్కి గుంజుకుంటే మెడపట్టీ తలమీదుగా జారిపోతుంది. ఛాతీకి తొడిగే పట్టీకి ఒక తాడు, మెడపట్టీకి ఒక తాడు, రెండూ కట్టి నడిపించండి. గిన్నె దగ్గర గుర్రుమంటే కొట్టొద్దు. గుర్రుమనడం హెచ్చరిక. దెబ్బలతో అది మానిపిస్తే ఈసారి హెచ్చరిక లేకుండానే కరుస్తుంది. దీపావళికి ముందు వారంలో ఏ కుక్కనూ కొత్తగా తేవద్దు.

తెచ్చేముందే ఇంకో రెండు సంగతులు తేల్చుకోవాలి. కిరాయి ఇల్లయితే యజమాని ఒప్పుకోలు. ఇంటిల్లిపాదీ మేడారం పోయినప్పుడు, పెండ్లిళ్లకు పోయినప్పుడు కుక్కకు అన్నం ఎవరు పెడతారన్నది. కుక్కలు మళ్లీ రోడ్డుమీదికి వచ్చే దారులు ఎక్కువగా ఈ రెండే.

ఆపరేషన్ ఆడ కుక్కపిల్లకు ఆరు నెలలకు, మొదటి ఎద రాకముందే చేయించడం మంచిది. రొమ్ముగడ్డల ప్రమాదం బాగా తగ్గుతుంది, గర్భసంచిలో చీము పట్టే జబ్బు దాదాపు ఉండదు. ఎదకు రాకుండా వేసే హార్మోను ఇంజెక్షన్లు సరిగ్గా ఆ చీముకే దారితీస్తాయి, వాటి జోలికి పోవద్దు. ఆపరేషన్ తర్వాత పది రోజులు, కుట్లు నాకకుండా మెడకు తొడిగే కోన్ తీయకూడదు, స్నానం చేయించకూడదు, మెట్లు దూకనివ్వకూడదు. కుట్లు తెగేది ఎక్కువగా మూడో నాలుగో రోజు, కుక్క హుషారుగా ఉందని కోన్ తీసేసినప్పుడు.

చివరగా అధికారులకు మా విన్నపం. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల్లో, కుక్కలను దత్తత తీసుకోవాలనుకునేవారు మున్సిపల్ సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చని, తీసుకున్న కుక్క తిరిగి వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్లదేనని ఉంది. అదే ఏడాది నవంబరు 7న బడులు, దవాఖానలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కలను తరలించాలని ఆదేశించింది. తరలించిన కుక్కల్లో నెమ్మదైనవాటికైనా ఇళ్లు దొరకకపోతే ఆశ్రయాలు నిండిపోతాయి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద కుక్కను వదిలేయడం నేరమే, కానీ మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. దాంతో భయపడేవాళ్లు ఎవరూ లేరు. అందుకే ఇచ్చేటప్పుడే కాగితం రాసుకోవాలి. అందులో పిల్ల అంచనా వయసు, తూకం, వేసిన నట్టల మందు పేరు, తేదీ, టీకా స్టిక్కరు, తర్వాతి టీకా తేదీ, ఆపరేషన్ చేయించాల్సిన నెల, సాదలేకపోతే ఎవరికి తిరిగి అప్పగించాలో ఆ పేరు ఉండాలి.

గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థ ఏటా ఫిబ్రవరి మూడో వారంలో ఒక దత్తత రోజు పెట్టాలి. డిసెంబరులో పుట్టిన పిల్లలకు జూన్ మధ్యకు ఆరు నెలలు నిండుతాయి. దత్తత తీసుకున్నవాళ్లను ఆ కాగితం ప్రకారం జూన్‌లో పిలిచి ఆపరేషన్లు చేయాలి. ఏటా జూలై 6న సర్కారు పశువైద్యశాలల్లో ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు, ఆపరేషన్ అయిన పిల్లలకు ఆనాడు ఆ టీకా రికార్డు కూడా సరిచూడవచ్చు. మామునూరులోనూ, కోరుట్లలోనూ పశువైద్య కళాశాలలు ఉన్నాయి. వాటిని కలుపుకుంటే వరంగల్‌లోనే కాదు, జగిత్యాల, కరీంనగర్ వైపు కూడా ఇది నడుస్తుంది. మీ పత్రిక జనవరి మొదటివారంలోనే, పిల్లలను ఎత్తుకెళ్లడం మొదలుకాకముందే, పై టీకాల తేదీలను జిల్లా పేజీలో అచ్చువేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
వీధి కుక్కల సంరక్షణలో పనిచేస్తున్న కార్యకర్తలు,
హనుమకొండ